ఏడో తరగతి గుమ్మం దగ్గర



సంక్రాంతి సెలవులైపోయి బడులు తెరిచి వారమవుతోంది. వాకిళ్లలో ముగ్గుల రంగులు ఇంకా పూర్తిగా చెరగలేదు. ఈమధ్య ఒక సాయంత్రం మా పక్కింటి అమ్మాయి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఐదో తరగతి చదువుతోంది. జూన్‌లో ఆరులో చేర్చాలి. "టీచరు గారూ, మూడు బళ్లు అనుకుంటున్నాం. మా ఆయన ఒకటంటారు, మా అత్తగారు ఇంకోటంటారు. మీరో పేరు చెప్పండి, కళ్లు మూసుకుని చేర్పించేస్తాం" అంది.

నేను పేరు చెప్పలేదు. "జనవరిలోనే అడగడానికి వచ్చావు చూడు, అదే మంచి పని. ఇప్పుడు కళ్లు మాత్రం మూసుకోకు" అన్నాను.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. అన్నేళ్లలో నేను చూసిన తల్లిదండ్రుల్లో నూటికి తొంభైమంది జూన్‌లో, బడి తెరిచాక, రికార్డు షీటు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లే. అప్పటికి చూడటానికి ఏమీ ఉండదు. వేసవంతా గేటుకు తాళం. జూన్‌లో పుస్తకాల పంపిణీ, బదిలీల హడావుడి, ఇంకా కుదరని టైం టేబులు. బడి నిజరూపం తెలియాలంటే సంక్రాంతి దాటిన ఈ నెల రోజుల్లోనే చూడాలి. ఎందుకో చెబుతాను.

ఆ అమ్మాయి ముందున్న మూడు బళ్లూ సర్కారువే. ఒకటి మా ఊరి హైస్కూలు, ఇంటికి కిలోమీటరు. రెండోది మండల కేంద్రంలో ఉన్న పెద్ద హైస్కూలు, బస్సులో ఆరు కిలోమీటర్లు. మూడోది ఇంకో మూడు కిలోమీటర్లు అవతల ఉన్న మోడల్ స్కూలు, దానికి ప్రవేశ పరీక్ష ఉంది. "సర్కారు బళ్లన్నీ ఒకటే కదండీ, దగ్గర్లో ఉన్నదాంట్లో వేసేస్తే పోలా" అనేవాళ్లున్నారు. ఒకటి కాదు. నెల్లూరులో కురుగొండ నాగిరెడ్డి మున్సిపల్ హైస్కూలు ముందూ, సిద్దిపేటలో ఇందిరానగర్ జిల్లా పరిషత్ హైస్కూలు ముందూ 'సీట్లు లేవు' అని బోర్డు పెట్టవలసి వచ్చిన సంగతి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. అదే ప్రభుత్వం, అవే పుస్తకాలు, అవే జీతాలు. అయినా ఒక బడికి జనం బారులు తీరుతారు, ఇంకో బడిలో గదులు ఖాళీగా ఉంటాయి. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడమే మన పని.

అందరూ ముందు చూసేది గేటు మీద ఫ్లెక్సీ. పదో తరగతి ఫలితాలు, పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని పెద్ద అక్షరాలు. ఆ పిల్లలు కష్టపడ్డారు, ఆ ఫొటోలు అక్కడ ఉండవలసినవే. కానీ ఆ శాతాన్ని చదవడం మనం నేర్చుకోవాలి. ఒక బడిలో 18 మంది పరీక్ష రాసి 18 మందీ పాసయ్యారనుకుందాం. అది నూరు శాతం. పక్క బడిలో 120 మంది రాసి 108 మంది పాసయ్యారు. అది తొంభై. ఫ్లెక్సీ లెక్కలో మొదటిదే గొప్ప. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేయండి. ఆ 18 మంది రెండేళ్ల కిందట ఎనిమిదిలో ఉన్నప్పుడు తరగతిలో మొత్తం ఎంతమంది? ముప్పై ఒక్కరని తేలిందనుకోండి, మిగతా పదముగ్గురూ ఏమయ్యారు? కొందరు వేరే ఊరు వెళ్లి ఉంటారు, కొందరు బడి మారి ఉంటారు. వలసలున్న ఊళ్లలో అది మామూలే. కానీ 'వీడు పాసవడు' అనిపించిన పిల్లవాడు తొమ్మిదిలోనే మెల్లగా రావడం మానేస్తే, వాణ్ని వెతుక్కుంటూ ఇంటికి వెళ్లినవాళ్లు లేకపోతే, ఆ నూరు శాతంలో వాడి లోటు ఎక్కడా కనబడదు. ఈ లెక్క అడగడం తప్పేమీ కాదు. ప్రతి బడికీ యూడైస్ కోడు అని 11 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ కోడు పట్టుకుని కేంద్ర విద్యాశాఖ వాళ్ల 'నో యువర్ స్కూల్' పేజీ తెరిస్తే తరగతివారీగా పిల్లలెందరో, టీచర్లెందరో, గదులెన్నో ఉంటాయి. ఫోను వాడే పిల్లలెవరైనా అయిదు నిమిషాల్లో తీసిపెడతారు.

ఇక అసలు మాట. బడిని చూడబోతే పదో తరగతి గదికి వెళ్లకండి. ఏడో తరగతి గుమ్మం దగ్గర నిలబడండి.

సంక్రాంతి దాటాక ప్రతి హైస్కూలూ పదో తరగతి బడి అయిపోతుంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు. పైనుంచి రోజూ సమీక్షలు. ఉన్న టీచర్ల సత్తువంతా అటే పోతుంది. మంచి బడిలో అది జరుగుతూనే ఆరు నుంచి తొమ్మిదిదాకా తరగతులు కూడా నడుస్తాయి. నడవని చోట ఏడో తరగతి పిల్లలు నోట్సు ఎక్కించుకుంటూ, లీడరు బోర్డు మీద పేర్లు రాస్తూ, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. మీ పిల్ల ఆరులో చేరుతోంది. పదో తరగతి వైభోగం ఆమెకు దక్కేది నాలుగేళ్ల తర్వాత ఒక్క ఏడాది. అప్పటిదాకా నాలుగేళ్లు ఆమె ఉండేది ఆ నడిమి తరగతుల్లోనే.

ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నా చేతుల మీదుగా జరిగింది. పన్నెండు, పదమూడేళ్ల కిందటి మాట. నేను పనిచేసే బడిలో పదో తరగతి రెండు సెక్షన్లు. లెక్కలకు నేనూ ఇంకో మాస్టారూ. జనవరిలో ఆయన బదిలీ మీద వెళ్లారు, ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు గారు టైం టేబులు మార్చారు. ఏడో తరగతి బి సెక్షను నుంచి నా పీరియడు తీసి పదికి ఇచ్చారు. నేను ఒక్క మాటా అనలేదు. పదో తరగతి పిల్లల భవిష్యత్తు కదా అనుకున్నాను. మార్చి దాకా ఏడు బికి లెక్కల పీరియడు లేదు. బీజీయ సమాసాలు, ఘాతాంకాలు రెండూ మిగిలిపోయాయి. ఏప్రిల్‌లో గబగబా చెప్పాననిపించాను. ఆ ఏడు మా పది ఫలితాలు మండలంలో మొదటివి. నాకు శాలువా కప్పారు.

జూన్‌లో ఆ బి సెక్షను పిల్లలే ఎనిమిదిలో నా ముందు కూర్చున్నారు. బోర్డు మీద ఎక్స్ అని రాయగానే సగంమంది మొహాలు బిగుసుకుపోయాయి. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్లవాడు, ఆరులో నోటి లెక్కలు అందరికంటే ముందు చెప్పినవాడు, ఆ ఏడంతా నోరు విప్పలేదు. తొమ్మిదిలో దసరా తర్వాత రావడం మానేశాడు. ఇప్పుడు మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. కనపడితే 'నమస్తే టీచరు గారూ' అని లేచి నిలబడతాడు. వాడు చదువు మానడానికి ఇంట్లో కారణాలూ ఉన్నాయి. కానీ ఆ రెండు నెలలూ నేను వాడి తరగతి గదిలో ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. అందుకే ఏ తల్లి వచ్చి అడిగినా ఏడో తరగతి చూడమంటాను.

గుమ్మం దగ్గర నిలబడి ఏం చూడాలి? ముందుగా హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకోండి, గోడ పక్కన చాటుగా చూడకండి. తరగతిలో టీచరున్నారా? ఉంటే, చివరి బెంచీ వైపు ఎన్నిసార్లు వెళ్లారు? ఒక పిల్లవాడి నోటుబుక్కు అడిగి తీసుకుని తిరగేయండి. ఎర్ర సిరా చివరిసారి ఏ తేదీన పడింది? ఉత్త టిక్కు మార్కేనా, తప్పు దిద్ది పక్కన ఏమైనా రాశారా? నవంబరు నుంచి ఎర్రసిరా కనబడకపోతే ఆ తరగతి గురించి ఫ్లెక్సీ చెప్పనిది ఆ పుస్తకమే చెప్పేసింది. ఇక పిల్లలతోనే పాఠం చదివించండి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఏ పేజీ చదివించినా ఫరవాలేదు. చదివాక, 'ఇప్పుడు నీ మాటల్లో చెప్పమ్మా' అనండి. ఇంగ్లీషు మీడియమని గర్వంగా చెప్పుకునే చోట పిల్ల గడగడా చదివి అర్థం అడిగితే తల దించుకోవడం చూశాను. తడబడుతూ చదివినా అడిగిన ప్రశ్నకు చేతులు తిప్పుతూ బదులు చెప్పే పిల్లలున్న తరగతులూ చూశాను. నేనైతే రెండో బడికే ఓటేస్తాను.

తర్వాత టీచర్ల లెక్క. ఎందరు అని అడిగితే చాలదు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయాలజీ, సోషలు, ఈ ఏడింటికీ విడివిడిగా మనిషి ఉన్నారా? డ్రిల్లు మాస్టారున్నారా? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక టీచరుండాలి. వంద మంది దాటితే పూర్తికాలం ప్రధానోపాధ్యాయులుండాలి. ఏడాదికి 220 పనిదినాలు నడవాలి. చట్టంలో ఉన్నది మీ బడిలో ఉందో లేదో అడిగే హక్కు మీకుంది. కాగితం మీద పోస్టు నిండి ఉండి, మనిషి డిప్యుటేషను మీద ఇంకెక్కడో ఉండటం కూడా జరుగుతుంది. అందుకే 'ఈ రోజు బయాలజీ ఎవరు చెప్పారు?' అని పిల్లల్నే అడగండి. ఇంకొకటి. ఒకే బడిలో టీచరు 8 ఏళ్లు, ప్రధానోపాధ్యాయులు 5 ఏళ్లు మించి ఉండటానికి లేదు. ఊరంతా మెచ్చుకునే లెక్కల మేడమ్ గారికి ఎనిమిదేళ్లు నిండితే జూన్‌కి ఆమె అక్కడ ఉండరు. ఒక్క మనిషిని చూసి బడి ఎంచుకుంటే ఆ వేసవిలోనే ఆశ ఆవిరవుతుంది. మనుషులు మారినా నిలిచే అలవాట్లున్న బడిని వెతకాలి.

ఆడపిల్ల తల్లులకు ఒక మాట. మరుగుదొడ్డి చూడకుండా వెనక్కి రాకండి. తలుపుకు గడియ ఉందా, కుళాయిలో నీళ్లున్నాయా, శుభ్రం చేసే ఆయా రోజూ వస్తుందా? రంగులు వేసిన గోడలు చూసి మురిసిపోతే సరిపోదు. 'నాడు నేడు' పథకం కింద 2019 తర్వాత మన ఆంధ్రాలో చాలా బళ్లకు మంచి మరుగుదొడ్లు కట్టారు. తెలంగాణలోనూ 'మన ఊరు మన బడి' పనులు జరిగాయి. కట్టడం ఒకటి, నీళ్లు వచ్చేలా చూసుకోవడం ఇంకొకటి. నీళ్లు లేని బడిలో ఆడపిల్లలు పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగరు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నెలకు మూడు రోజులు బడి మానేస్తారు. ఏడాదికి ముప్పై రోజులు. చదువులో వెనకబడిందని తర్వాత మనం ఆ పిల్లనే అంటాం. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మధ్యాహ్నం దాకా ఉండి అన్నం తిని రండి. కోనసీమ లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లందరికీ పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఇప్పుడు మన బడి భోజనం నడుస్తోంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. పిల్లలు కంచంలో ఎంత వదిలేస్తున్నారో, టీచర్లు ఆ వరసల మధ్య తిరుగుతున్నారో లేదో చూడండి. పిల్లలతో కలిసి అదే అన్నం తినే టీచర్లున్న బడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

పిల్లను గురుకులంలో వేద్దామా అని కూడా మా పక్కింటి అమ్మాయి అడిగింది. సంక్షేమ గురుకులాల్లో ప్రధానంగా చేరేది ఐదో తరగతిలో, ఆ దారి ఈ పిల్లకు దాటిపోయింది. ఆరులో చేరడానికి నవోదయ, కస్తూర్బా విద్యాలయాలున్నాయి. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో మొదలైన గురుకులం దారి పల్లె పిల్లల్ని ఎంతో దూరం నడిపించింది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె సంక్షేమ గురుకులం విద్యార్థిని. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లకు, పనులకు వలస వెళ్లే కుటుంబానికి గురుకులం దేవుడిచ్చిన వరం. కానీ పదేళ్ల పిల్ల రాత్రి జ్వరం వస్తే ఎవరి పక్కన పడుకుంటుందో కూడా ఆలోచించాలి. పిల్లను అడగకుండా మాత్రం నిర్ణయించవద్దన్నాను. పిల్ల తల్లి కొంగు పట్టుకుని 'నేను వెళ్లను' అంది. అక్కడితో ఆ మాట ఆపేశాం.

పదో తరగతి తర్వాత సంగతి కూడా ఒకటుంది, చాలామందికి తెలియదు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. హాస్టలు లేని సర్కారు బళ్లలో చదివిన పిల్లలకు వెనుకబాటు కింద 4 శాతం కలిపి చూస్తారు. ఊరి బడి పిల్లకు అది చిన్న సాయం కాదు.

పదికి ముందే తెలిసే గుర్తు ఇంకొకటి చెబుతాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అని ఉపకార వేతనం పరీక్ష జరుగుతుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలో పడతాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఈ పరీక్ష గురించి ఏ ఫ్లెక్సీ మీదా పెద్దగా రాయరు. దీనికి పిల్లల్ని తయారు చేయమని టీచర్ల మీద ఒత్తిడి కూడా పది పరీక్షలంత ఉండదు. అయినా ఒక బడి నుంచి ఏటా పది, పదిహేను మంది రాసి ఇద్దరో ముగ్గురో ఎంపికవుతున్నారంటే, అక్కడ ఎవరో టీచరు ఎనిమిదో తరగతి పిల్లల కోసం తన సాయంత్రం ఇస్తున్నారన్నమాట. 'మీ బడిలో ఈసారి ఎన్ఎంఎంఎస్ ఎందరు రాశారండీ?' అని అడగండి. హెడ్మాస్టరు గారు వెంటనే అంకె చెబితే ఒకటి, రిజిస్టరు వెతికితే ఒకటి, 'అదేమిటి' అంటే ఒకటి.

దూరం సంగతి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆరు కిలోమీటర్ల బస్సు అంటే ఆడపిల్లను పంపడానికి వెనకాడేవాళ్లు. ఛార్జీ కూడా ఒక కారణమే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. కాబట్టి మండల కేంద్రం బడి కూడా ఇప్పుడు నిజంగా అందుబాటులోకి వచ్చింది. కానీ ఉచితమైన బస్సు వేళకు రావాలి కదా. సాయంత్రం బడి విడిచాక ఎన్ని గంటలకు బస్సు? అది తప్పితే తర్వాతది ఎప్పుడు? నిల్చుని ప్రయాణం చేసి చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లకు పుస్తకం తీసే ఓపిక ఉండదు.

ఇదంతా విని మా పక్కింటి అమ్మాయి నాలుగు రోజులు తిరిగింది. మొగుణ్ని కూడా ఒక రోజు సెలవు పెట్టించి తీసుకువెళ్లింది. నిన్న వచ్చి చెప్పింది. మోడల్ స్కూల్లో గదులు, ల్యాబులు బాగున్నాయి, పరీక్షకు దరఖాస్తు చేస్తాం, వస్తే అప్పుడు ఆలోచిస్తాం అంది. మండల కేంద్రం బడిలో అన్ని సబ్జెక్టులకూ టీచర్లున్నారట. కానీ ఏడో తరగతి మూడు సెక్షన్లలో రెండిటిని ఒకే గదిలో కూర్చోబెట్టారట, ఆ గోలలో టీచరు మాట వెనక వరసకు వినబడలేదట.

"మరి మన ఊరి బడి?" అన్నాను.

ఏడో తరగతిలో ముప్పై మంది లోపే ఉన్నారట. సోషలు మేడమ్ పాఠం చెబుతున్నారట. గుమ్మంలో పిల్లను చూసి, "లోపలికి రామ్మా, కూర్చో" అని చివరి బెంచీలో చోటిప్పించారట. గోడ మీద ఆంధ్రప్రదేశ్ పటం చూపించి, మన ఊరు ఎక్కడో వేలు పెట్టమన్నారట. పిల్ల వెళ్లి సముద్రంలో పెట్టిందట. మేడమ్ ఆ చేతిని పట్టుకుని, గోదావరి గీత వెంబడి మెల్లగా జరుపుతూ ఊరి దాకా తీసుకొచ్చారట. పీరియడు అయ్యేదాకా పిల్ల బయటికి రాలేదట.

"కానీ టీచరు గారూ, అక్కడ హిందీ పోస్టు ఖాళీగా ఉంది. రెండేళ్లయిందట. యూడైస్‌లో కూడా అలాగే ఉంది, చూశాను" అని ఫోను తీసి చూపించింది.

చూశాను. నిజమే.

"పిల్ల ఇంకా చేరలేదు కదా, దాని గురించి ఇప్పుడే అడగొచ్చా? ఎవర్ని అడగాలి?"

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో సగంమంది ఆడవాళ్లు ఉండాలి, చట్టంలోనే ఉంది. మన ఊరి బడి కమిటీ ఛైర్‌పర్సను పాలకేంద్రం పక్కింటావిడ. ఆ సంగతి ఈ అమ్మాయికి ఇప్పటిదాకా తెలియదు. హిందీ పోస్టు గురించి హెడ్మాస్టరు గారు పైకి రాశారో లేదో ముందు కనుక్కోవాలి. రాస్తే ఆ కాగితం నకలు తీసుకోవాలి. రాయకపోతే కమిటీ చేత రాయించాలి.

సోమవారం పొద్దున పాలు పోయడానికి వెళ్లేటప్పుడు ఇద్దరం కలిసి ఆవిడ ఇంటికి వెళ్దామనుకున్నాం.